తల్లులను ‘మాబ్’ అన్నందుకు

కోనసీమలోని ఒక చిన్న పట్టణం నుంచి ముప్పై తొమ్మిదేళ్ల పాఠకురాలు ఒకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలోనే చదివిన ఆమె పన్నెండేళ్లుగా ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నారు. ఊళ్లు తిరగడం, పొదుపు సంఘాల పుస్తకాలు చూడడం, అంగన్‌వాడీలకు వెళ్లి రావడం, మూడు నెలలకొకసారి నివేదిక రాయడం ఆమె పని. ఇంతకాలం నివేదికను తెలుగులో రాసి పంపితే పై కార్యాలయంలో ఒకాయన ఇంగ్లీషులోకి మార్చేవారట. ఆయన మానేశాక ఆ బరువు ఈమె మీదే పడింది.

కిందటి నివేదికలో ఏం జరిగిందో ఆమె దాపరికం లేకుండా రాశారు. పౌష్టికాహారం పొట్లాలు పంచుతున్నారని తెలిసి అంగన్‌వాడీకి వచ్చిన అరవై డెబ్బై మంది తల్లులను ‘మాబ్’, అంటే అల్లరిమూక, అన్నారు. వరుసలో కాస్త తోపులాట జరిగితే దాన్ని ‘స్టాంపీడ్’, అంటే తొక్కిసలాట, అన్నారు. గ్రామసభకు జనం ‘స్వార్మ్’ అయ్యారన్నారు. సంఘం సభ్యులు మూడేళ్లుగా కూడబెట్టుకున్న 2,40,000 రూపాయలను ‘హోర్డ్’ చేశారన్నారు. వానకు బడి ఆవరణలో నిలిచిన నీరు ‘అమాస్’ అయిందన్నారు. నివేదిక చేరిన మూడో రోజున, నిధులిచ్చే సంస్థ నుంచి ఎవరైనా చనిపోయారా అని అడుగుతూ మెయిల్ వచ్చింది. ఆ వారం జరిగిన ఆన్‌లైన్ సమావేశంలో పై అధికారి ఆ వాక్యాలను పద్దెనిమిది మంది ముందు ఒక్కొక్కటిగా చదివి, “మీ తల్లులు రాళ్లు కూడా తెచ్చుకున్నారా మేడమ్?” అని అడిగాడు. అందరూ నవ్వారు. “నేను కూడా నవ్వాను. కెమెరా ఆపేసి ఆ తరవాత ఏడ్చాను” అని రాశారామె.

అప్పటి నుంచి ప్రతి వాక్యాన్నీ పదో తరగతి చదువుతున్న కొడుక్కి చూపించి పంపుతున్నారు. మొదట్లో ఓపికగా చూసిన ఆ పిల్లవాడు ఇప్పుడు విసుక్కుంటున్నాడు. “అమ్మా, అన్నిచోట్లా గ్యాదర్ అని పెట్టేయ్, గొడవ వదిలిపోతుంది” అంటున్నాడు. ఆమె ప్రశ్న ఇది: “ఇవన్నీ పర్యాయపదాలని కంప్యూటరే చూపించింది. ఒకే మాట ఆరుసార్లు రాస్తే బాగుండదని మార్చి మార్చి రాశాను. తప్పు ఎక్కడ జరిగింది? ఈ వయసులో ఇది నాకు పట్టుబడుతుందా, లేక ఇకమీదట తెలుగులోనే రాస్తానని చెప్పేయమంటారా?”

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపిన మాట ‘మార్చి మార్చి రాశాను’ అన్నది. మీ పొరపాటు ఇంగ్లీషు రాకపోవడం వల్ల జరిగినది కాదు. బడిలో తెలుగు మాస్టారు నేర్పిన పాఠాన్ని శ్రద్ధగా పాటించడం వల్ల జరిగింది. వ్యాసంలో ఒకే మాట పదేపదే వస్తే ఎర్రసిరాతో గీత గీసి ‘పునరుక్తి’ అని పక్కన రాసేవారు, మీకూ గుర్తుండే ఉంటుంది. వర్ణన రాసేవాడికి అది మంచి పాఠమే. కానీ నివేదికలో ఒకే సంగతికి ఆరు మాటలు వాడితే, చదివేవాడు ఆరు వేర్వేరు సంగతులు జరిగాయనుకుంటాడు. మీ విషయంలో అదే జరిగింది. తల్లులు వచ్చారు, ఆ తరవాత మూక వచ్చింది, ఆ పైన తొక్కిసలాట జరిగింది అని అవతలివారు వరసగా చదువుకున్నారు. ఎవరైనా చనిపోయారా అని అడగడం వారి తప్పు కాదు.

కంప్యూటర్ చూపించే ఆ పర్యాయపదాల పట్టికకు ఒక తాత ఉన్నాడు. పీటర్ మార్క్ రోజే అనే వైద్యుడు తన డెబ్బై మూడో ఏట, 1852లో, లండన్‌లో ఇంగ్లీషు పదాల థెసారస్ అచ్చువేయించాడు. అందులో మాటలు అకారాది క్రమంలో ఉండవు. భావాలను వెయ్యి శీర్షికలుగా విడగొట్టి, ఒక్కో శీర్షిక కింద దానికి దగ్గర మాటలన్నీ పోగుచేశాడు. ‘అసెంబ్లేజ్’ అనే శీర్షిక కింద మనుషుల గుంపు, పక్షుల గుంపు, వస్తువుల కుప్ప అన్నీ ఇరుగుపొరుగున ఉంటాయి. మాటలైతే ఉంటాయి కానీ అర్థాలు ఉండవు. నాలుక చివర ఉండి అందకుండా పోయిన మాటను గుర్తుచేయడానికి అది పనికొస్తుంది, తెలియని మాటను నేర్పడానికి పనికిరాదు. చుట్టాలందరినీ ఒకే ఫొటోలో నిలబెట్టినంత మాత్రాన ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియదు కదా. మౌస్ కుడి మీట నొక్కగానే మీకు కనబడేది అలాంటి ఫొటోయే.

మన దగ్గరా పర్యాయపదాల పుస్తకం ఉంది, దాని పద్ధతి వేరు. అమరకోశం రెండో కాండలో సమూహం, నివహం, వ్యూహం, సందోహం, నికరం, వ్రాతం, సంఘాతం, సంచయం అంటూ గుంపుకు పేర్లు ఏకరువు పెట్టిన అమరసింహుడు అక్కడితో ఆగలేదు. ఆ వెంటనే వాటిలో తేడాలు చెప్పాడు. ఒకే తీరు వాటి గుంపు వర్గం, ప్రాణుల గుంపు సంఘం, ఒకే జాతి వాటిది కులం, జంతువులది యూథం, ఒకే ధర్మం పాటించేవారిది నికాయం, ధాన్యం వంటి వాటిది పుంజం, రాశి. అన్నిటికన్నా నాకు నచ్చిన తేడా ఒకటుంది: పశువుల గుంపును ‘సమజం’ అంటారు, తక్కినవారి గుంపును ‘సమాజం’ అంటారు. ఒక్క దీర్ఘం తప్పితే మనుషులు పశువుల్లో కలిసిపోతారు! మీరు ‘మాబ్’ అని రాసినప్పుడు తప్పినది కూడా అంతే, ఒక దీర్ఘమంత.

నేనూ ఆ దీర్ఘం తప్పినవాణ్నే. ఒక దినపత్రికలో వార్తలు అనువదించే బల్ల దగ్గర పనిచేస్తున్న రోజుల్లో, నూలు ధరల మీద ధర్నా చేసిన చేనేత కార్మికుల గురించి ఇంగ్లీషులో వచ్చిన వార్తను తెలుగు చేస్తూ ‘మూక’ అని రాశాను. ఇంగ్లీషులో ఉన్నది ‘క్రౌడ్’ మాత్రమే. ‘గుంపు’ అప్పటికే రెండుసార్లు వచ్చింది కదా అని మార్చాను, మీలాగే. మర్నాడు పొద్దున్నే ఇద్దరు నేతన్నలు పత్రిక మడిచి పట్టుకుని ఆఫీసుకు వచ్చారు. కేకలు వేయలేదు. పెద్దాయన ఆ మాట మీద వేలు పెట్టి, “మేము మూకా, బాబూ?” అని మాత్రం అడిగాడు. వేలి గోరు చుట్టూ నీలిరంగు ఇంకా వదల్లేదు. ఆ మాటను నేను మళ్లీ ఆలోచించకుండా వాడిన రోజు లేదు.

కాబట్టి మొదట మీకు ఇప్పటికే తెలిసినదాన్ని మీ ముందు పెడతాను. మేకలు మంద, మిడతలు దండు, చీమలు బారు, తేనెటీగలు తుట్టె, వడ్లు రాశి, గడ్డి వామి, కట్టెలు మోపు, అరటిపళ్లు గెల, పిడకలు దొంతర. ఇవి తారుమారు చేసి మాట్లాడే మనిషి మీ ఊళ్లో ఉండడు. అలాగే జనం వచ్చారనడానికి కూడా మీరు ఒకే మాట వాడరు. పెళ్లికి తరలివచ్చారంటారు, రచ్చబండ దగ్గర గుమికూడారంటారు, ఐస్‌బండి చుట్టూ పిల్లలు మూగారంటారు, ఉచితంగా ఇస్తున్నారంటే ఎగబడ్డారంటారు, తీర్థంలో కిక్కిరిశారంటారు. ఎవరు వచ్చారు, ఎందుకు వచ్చారు, ఎంత చోటులో ఇమిడారు, చూసేవాడు వారిని ఏ కంటితో చూశాడు అన్న నాలుగు సంగతులనూ ఈ క్రియలు మోస్తున్నాయి. ఇంగ్లీషు మాటలు మోసేది కూడా ఆ నాలుగింటినే.

ఇక మీ వాక్యాల దగ్గరకు వద్దాం. ‘క్రౌడ్’ అన్న మాట పాత ఇంగ్లీషులో ‘తోయు, ఒత్తు’ అనే అర్థమిచ్చే క్రియ నుంచి పుట్టింది. ‘త్రాంగ్’ అనే మాటకూ మూలం ఒత్తిడే. అందుకే అందులో లెక్క కన్నా ఇరుకు ముఖ్యం. మైదానంలో ఐదు వందల మంది చాపల మీద విడివిడిగా కూర్చుంటే ‘గ్యాదరింగ్’ అంటే చాలు. అంగన్‌వాడీ వరండాలో అరవై మంది బిడ్డలను చంకనెత్తుకుని నిలబడితే అది ‘క్రౌడ్’. మీ తల్లులకు ఆ మాట సరిగ్గా సరిపోతుంది, అందులో నిందేమీ లేదు. ‘మాబ్’ అలా కాదు. లాటిన్‌లో ‘మొబిలే వల్గుస్’, అంటే నిలకడలేని జనం అన్న మాటను పదిహేడో శతాబ్దం చివర్లో ఇంగ్లీషువారు ముక్క చేసి వాడుకున్నారు. రచయిత జొనాథన్ స్విఫ్ట్ ఇలాంటి తెగ్గొట్టిన మాటలు భాషను పాడుచేస్తున్నాయని 1710లోనే విసుక్కున్నాడు. ఆయన విసుగు ఫలించలేదు, మాట నిలిచింది, పుట్టుకతో వచ్చిన తిట్టు కూడా నిలిచింది. ఒక్క చోట మాత్రం దాని కోర పీకేశారు: సినిమా నటుణ్ని అభిమానులు చుట్టుముడితే, క్రియగా, వారు అతన్ని ‘మాబ్’ చేశారంటారు. అది మన ‘ఎగబడ్డారు’ లాంటిది. నామవాచకంగా వాడితే మాత్రం చేతిలో రాయి ఉన్నట్టే, మీ అధికారి వెటకారంలో ఉన్న నిజం అంతవరకే.

ఇది మర్యాదకు సంబంధించిన సంగతి మాత్రమే అనుకోకండి. మన రాజ్యాంగం 19వ అధికరణం శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా ‘అసెంబుల్’ అయ్యే హక్కును పౌరులకు ఇచ్చింది. అదే మాటకు ముందు ‘అన్‌లాఫుల్’ చేరితే, ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది చట్టవిరుద్ధమైన ఉమ్మడి ఉద్దేశంతో చేరడం అవుతుంది, నేరమవుతుంది. పాత శిక్షాస్మృతిలో అది 141వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 189. పొట్లాల కోసం వచ్చిన బాలింతలు ఏ హక్కుతో అక్కడ నిలబడ్డారో ఆ హక్కు పక్షాన ఉండే మాట ఒకటి, పోలీసు పంచనామాలో కనబడే మాట మరొకటి. నివేదికలు ఎవరి చేతికి పోతాయో మనకు తెలియదు కనుక ఎంచుకోవలసింది మొదటిదే.

‘స్టాంపీడ్’ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. స్పానిష్ నుంచి వచ్చిన ఈ మాట బెదిరిన పశువుల మంద పరుగుకు పుట్టింది. మన పత్రికలు దీనికి ‘తొక్కిసలాట’ అని రాస్తాయి. జనసమ్మర్దంలో జరిగే మరణాలను అధ్యయనం చేసేవారు ఈ మాటనే ఇష్టపడరు, ‘క్రష్’ అంటారు. అలాంటి చోట్ల ఎక్కువమంది కాళ్ల కింద పడి నలిగి చనిపోరు, నిలబడినచోటే నలువైపుల ఒత్తిడికి ఊపిరి ఆడక చనిపోతారు. చదరపు మీటరుకు ఐదారుగురు మించితే మనిషి తన అడుగు తాను వేయలేడు. పరుగెత్తడానికే చోటులేనివారిని బెదిరిన మందగా వర్ణిస్తే, దారి మూసినవాడి తప్పు చచ్చినవారి నెత్తిన పడుతుంది. మీ వరుసలో జరిగినది ఇవేవీ కాదు. ‘తోపులాట’ అని మీ ఉత్తరంలో మీరే చక్కగా రాశారు. దానికి ఇంగ్లీషులో ‘జాస్లింగ్’ అనే మాట ఉంది. అది గుర్తురాకపోతే కొందరు ఒకరినొకరు తోసుకున్నారని నేరుగా ‘పుషింగ్’ అని రాయండి, ఎవరికీ గుండె ఆగదు.

‘స్వార్మ్’ తేనెటీగలది, ఈగలది. మన ‘ముసురుకొను’కు సరిగ్గా జోడు. పిల్లల గురించి ముద్దుగా అనవచ్చు, గ్రామసభకు వచ్చిన పెద్దమనుషుల గురించి అనకూడదు. ఇక్కడ ఒక మెలిక చెబుతాను, ఎందుకంటే తెలుగు చెవి ప్రతిచోటా కాపాడదు. ‘ఫ్లాక్’ అంటే గొర్రెల మంద, పక్షుల గుంపు. మనుషులను మంద అంటే మనకు తిట్టు కనుక మీరు ఆ మాటకు జంకుతారు. కానీ కాపరి, మంద అన్న పోలిక చర్చిలో గౌరవంగా స్థిరపడడం వల్ల ఇంగ్లీషులో ‘ఫ్లాక్’ మంచిమాటే. యాత్రికులు గుడికి ‘ఫ్లాక్’ అయ్యారంటే ఇష్టంగా తరలివచ్చారని అర్థం. ‘కాంగ్రిగేట్’లో ఉన్నదీ మంద అనే లాటిన్ మాటే. గ్రామసభకు మాత్రం ఇవేవీ అక్కరలేదు, జనం ‘గ్యాదర్’ అయ్యారనో ‘అటెండ్’ అయ్యారనో రాస్తే సరిపోతుంది. సభను పిలిచినవారి గురించి రాయాలంటే ‘కన్వీన్’. కన్వీనర్ అనే మాట మనకు కొత్త కాదు కదా. అలాగే ‘మస్టర్’ మీకు ఉపాధి హామీ పనుల దగ్గర రోజూ కనబడేదే. లాటిన్‌లో ‘చూపు’ అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చింది. లెక్కకు మనిషి ఎదురుగా కనబడాలి, అదే మస్టరు.

ఇక డబ్బు. అన్నిటికన్నా అన్యాయం జరిగింది ఇక్కడే, విచిత్రంగా మీ సమావేశంలో దీని గురించి ఎక్కువ నవ్వినట్టు లేదు. ‘హోర్డ్’ అంటే పక్కవాడికి అందకుండా దాచిపెట్టడం. 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టం కింద దాడులు జరిగేది ఇలాంటి అక్రమ నిల్వల మీదే. రోడ్డు పక్కన ప్రకటనల ‘హోర్డింగ్’ వేరే మూలం నుంచి వచ్చింది, దాన్ని కలపకండి. గుంపు అనే అర్థంలో ఇంకో ‘హోర్డ్’ కూడా ఉంది, పలుకుబడి ఒకటే, అక్షరాలు వేరు. అది తుర్కిక్ భాషల్లో సైనిక విడిది అనే అర్థమున్న ‘ఓర్దూ’ నుంచి వచ్చింది, ఉర్దూ భాష పేరు కూడా అక్కడిదే. మీ సంఘం ఆడవాళ్లు నెలకు వందో రెండు వందలో పక్కన పెట్టి చేసినది ‘సేవ్’. ఇంతకన్నా మంచి మాట లేదు. మొత్తం ఎలా పెరిగిందో చెప్పాలంటే ‘అక్యుములేట్’. లాటిన్‌లో కుప్పను ‘క్యుములస్’ అంటారు, దూది కుప్పల్లాంటి మేఘాలకు ఆ పేరే పెట్టారు. కొంచెం మీద కొంచెం చేరి, చూస్తుండగా కుప్ప కావడం అందులో ఉంది. దాని మీద బ్యాంకు వడ్డీ తనంతట తాను పెరిగితే ‘అక్రూ’. ‘కలెక్ట్’ అని మాత్రం ఇక్కడ రాయకండి. అందులో ఒకరి చేతి నుంచి ఇంకొకరు వసూలు చేయడం ఉంది. 1772లో వారెన్ హేస్టింగ్స్ జిల్లాకో కలెక్టరును పెట్టింది శిస్తు వసూలుకే. సంఘం సొమ్మును మీరు ‘కలెక్ట్’ చేశారని రాస్తే అది మీ సంస్థ వసూలు చేసినట్టుంటుంది, ఆడిట్ చేసేవాడు మరో మెయిల్ పెడతాడు. సంఘం పుస్తకంలో మీరు రోజూ చూసే ‘జమ’ అరబ్బీ మాట, దానికీ అర్థం పోగుచేయడమే. ఎంత హాయైన మాటో చూడండి, వసూలూ లేదు, దాపరికమూ లేదు.

‘అమాస్’ వెనకున్న లాటిన్ మాటకు ముద్ద అని అర్థం, పిండి ముద్ద. ఎవరో పూనుకుని పెద్దమొత్తంలో పోగుచేయాలి: ఆస్తి, సాక్ష్యాలు, సైన్యం. వాననీరు పూనుకోదు. పల్లంలో చేరి నిలిచిన నీరు ‘కలెక్ట్’ అయిందనాలి. డబ్బు దగ్గర వద్దన్న మాటే ఇక్కడ సరిపోతుంది. చిత్రంగా అనిపిస్తే దానికి కారణం చెబుతాను. మనకు చేరు–చేర్చు, కూడు–కూర్చు, పోగవు–పోగుచేయు అని దేనికదే జంటలున్నాయి. నీరు చేరుతుంది, మనం సామాను చేరుస్తాం. ఇంగ్లీషులో ‘గ్యాదర్’, ‘కలెక్ట్’, ‘అక్యుములేట్’ లాంటి మాటలు ఒక్కటే రూపంతో రెండు పనులూ చేస్తాయి, వాక్యంలో మాట నిలబడిన చోటును బట్టి తేడా తెలుస్తుంది. కనుక రాసేముందు తెలుగు జంటలో మీకు కావలసినది ఏదో చూసుకోండి. తల్లులు చేరారా, మీరు చేర్చారా? మీ నివేదికకు ఈ ఒక్క తేడాయే ఎంతో ముఖ్యం, ఎందుకంటే వారంతట వారు వచ్చారన్నది మీ పని ఫలితం.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. తెలుగులోనే రాస్తానని చెప్పేయవచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు. మీ సంస్థ ఒప్పుకుంటే మనసు కుదుటపడుతుంది. కానీ ఆ నివేదిక ఇంకెవరి చేతిలోనో ఇంగ్లీషవుతుంది, ఆ తల్లులను ఎన్నడూ చూడనివారి చేతిలో. నేను నేతన్నలను చూడకుండానే మూక అన్నాను. మీరైతే ఆ వరండాలో నిలబడ్డారు. ఈ దారి ఎంచుకుంటే, పంపేముందు ఇంగ్లీషు ప్రతిని ఒకసారి మీకు చూపించాలని షరతు పెట్టండి. షరతు లేకుండా ఒప్పుకుంటే మాట మీది కాకుండా పోతుంది, జీతం పెంచేటప్పుడు కూడా ఇదే ఎత్తిచూపే అవకాశం ఉంది.

మీ అబ్బాయి సలహా మీరనుకున్నంత తేలికైనది కాదు. మనుషుల విషయంలో ‘గ్యాదర్’ దాదాపు ఎక్కడా నొప్పించదు. నివేదిక చప్పగా ఉంటుంది, ఉండనివ్వండి, నిధులిచ్చేవారు దాన్ని కావ్యంగా చదవరు. డబ్బు దగ్గర మాత్రం అది చందాలు పోగుచేసిన వాసన కొడుతుంది, అక్కడ ‘సేవ్’ ఉండాలి. ఈ ఒక్క మినహాయింపుతో ఆరు నెలలు నెట్టుకురావచ్చు. ఆ ఆరు నెలల్లో మీరు కొత్తగా ఏమీ నేర్చుకోరు, అదే దీని ఖరీదు.

నన్నడిగితే, ముందు తెలుగులో రాసుకుని, ప్రతి క్రియ కింద గీత గీసి, దానికి తగిన ఇంగ్లీషు మాటను ఉదాహరణ వాక్యాలున్న నిఘంటువులో వెతికే పద్ధతి మీకు నప్పుతుంది. పర్యాయపదాల పట్టిక తెరవవద్దు, లేదా తెరిచినా అక్కడ దొరికిన మాటను నిఘంటువులో వాక్యంతో సహా చూసేదాకా వాడవద్దు. రోజే పుస్తకం వచ్చిన 1852లోనే మద్రాసులో బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. అందులో ఆయన అర్థం చెప్పి వదిలేయకుండా తెలుగు వాడుకలు కూడా ఎత్తి చూపాడు. పాతదే అయినా, మీ క్రియ నుంచి ఇంగ్లీషులోకి నడవడానికి ఇప్పటికీ పనికొస్తుంది. మొదటి రెండు నివేదికలకు ఒక పూట అదనంగా పడుతుంది, ముందే చెబుతున్నాను. కృత్రిమ మేధ పరికరాలకు అప్పగిస్తే ఆ పూట మిగులుతుంది, వాక్యాలు నున్నగా వస్తాయి. అయితే ఆ రోజు అక్కడ తోపులాట జరిగిందో, తొక్కిసలాట జరిగిందో దానికి తెలియదు. మీరు గీసిన గీతలతో సరిచూసుకోవడం తప్పదు, లబ్ధిదారుల పేర్లు, ఆధార్ సంఖ్యలు అందులో ఎక్కించకూడదు.

పై అధికారి సంగతి. మెయిల్ వచ్చాక ఆయన కంగారుపడడంలో న్యాయం ఉంది, పద్దెనిమిది మంది ముందు చదవడంలో లేదు. ఒకరోజు విడిగా ఫోన్ చేసి, నివేదికలో తప్పులుంటే పంపకముందే నాకు చెప్పండి, సమావేశంలో కాదు అని అడగవచ్చు. ఆయన సర్దుకునే మనిషైతే పని సులువవుతుంది. కాకపోతే మరో వెటకారం వినవలసి రావచ్చు, అప్పుడు అదే మాటను మర్యాదగా మెయిల్‌లో రాసి పెట్టుకోండి. ఏమీ అనకుండా ఊరుకోవడం కూడా ఒక దారే, కానీ మీరు రాసినది చూస్తే ఆ నవ్వు మీలో ఇంకా నిలిచే ఉంది. అది ఇంట్లో పిల్లవాడి మీద కూడా పడుతోంది. వాడికి ప్రతి వాక్యం చూపించడం మానేసి వారానికి ఒక్క మాట అడగండి, “మాబ్‌కీ క్రౌడ్‌కీ తేడా ఏంట్రా?” అని. పరీక్షలో వాడికే పనికొస్తుంది, విసుక్కోడు.

మీరు ఉత్తరంతో జతచేసిన నివేదిక మొత్తం చదివాను. మూడో పేజీలో రోడ్డు మరమ్మతుల కోసం ఊరివాళ్లు పెట్టుకున్న అర్జీల గురించి, అవి మే నెల నుంచి కార్యాలయంలో ‘పైల్డ్ అప్’ అని రాశారు. ఒకదాని మీద ఒకటి పడి, ఎవరూ ముట్టుకోక, పెరిగిపోయిన దొంతర ఆ రెండు మాటల్లో ఉంది. ‘అక్యుములేట్’ అని ఉంటే కాగితాలు తమంతట తామే చేరినట్టుండేది. ఆ మాట మీకు ఏ పట్టికలో దొరికిందని రాయలేదు. ఈసారి నివేదికలో ఆ వాక్యాన్ని మార్చకుండా అలాగే పంపండి.